వెతికితే దొరకని రాజధాని

ఛత్తీస్‌గఢ్ కొత్త రాజధాని నగరం పేరేమిటి? ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం ఏ ప్రభుత్వ హయాంలో అడిగారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడిన తర్వాత, పాత రాయపూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరాన, పల్లెల పొలాల మీద లేచిన నగరానికి మొదట పెట్టిన పేరు నయా రాయపూర్. 2012లో సచివాలయం అక్కడికి తరలింది. 2018 ఆగస్టులో అటల్ బిహారీ వాజపేయి కన్నుమూసిన కొద్ది రోజులకే రమణ్ సింగ్ మంత్రివర్గం దానిని అటల్ నగర్‌గా మార్చింది. ఆ తర్వాత అది నవా రాయపూర్ అటల్ నగర్ అయింది. అక్కడి ట్రిపుల్ ఐటీ పేరులో ఇప్పటికీ నయా రాయపూరే ఉంది. నగరాభివృద్ధి ప్రాధికార సంస్థ పేరులో నవా రాయపూర్ అటల్ నగర్ ఉంది. జనం నోట ఏది ముందు పలికితే అది.

పేర్ల మార్పిడిపై రాజకీయ పక్షాలు ఎన్ని ఉపన్యాసాలైనా ఇచ్చుకోవచ్చు. అయితే ఆ మార్పిడి ఖర్చును ఎవరు భరిస్తున్నారన్నది ఏ శాసనసభలోనూ చర్చకు రాని సంగతి. సచివాలయానికి నష్టం లేదు; ఫైళ్లు వెతుక్కుంటూ జనమే దాని దగ్గరకు వస్తారు. క్రికెట్ స్టేడియానికి నష్టం లేదు. టికెట్టు కొన్నవాడు ఎలాగైనా చేరతాడు. నష్టమంతా ఆ నగరంలో ఇరవై గదుల లాడ్జీ నడిపేవాడిది, ఉద్యోగులకు భోజనం క్యారియర్లు పంపే ఇల్లాలిది, ఏసీలు బాగుచేసే కుర్రవాడిది. వాళ్లను వెతుక్కుంటూ ఎవరూ సెక్టారు సెక్టారుకూ తిరగరు. ఫోను తీసి గూగుల్‌లో నాలుగు మాటలు కొడతారు. మొదటి తెర మీద కనిపించినవాడే వ్యాపారి. కనిపించనివాడు తలుపులు తెరిచి కూర్చున్నా మూసుకున్నట్టే లెక్క.

ఈ దుస్థితికి వ్యాపారికి దొరుకుతున్న సలహా ఒక్కటే: నీ వెబ్‌సైట్ ర్యాంకు పెంచుకో. కరువొస్తే బావి తవ్వుకో, రోడ్డు లేకపోతే బండి మార్చుకో అన్నట్టుంటుంది ఈ సలహా. అందులో కొంత నిజముంది. ఉన్న నిజాన్ని ముందు ఒప్పుకుని, దాని వెనుక దాచిన అబద్ధాన్ని తర్వాత విప్పి చూడాలి.

స్థానిక వ్యాపారాలను వరుసలో పెట్టడానికి మూడు అంశాలను చూస్తామని గూగుల్ బహిరంగంగానే చెబుతుంది. వెతికిన మాటకూ వ్యాపారానికీ ఉన్న పొంతన ఒకటి, వెతికినవారికీ దుకాణానికీ మధ్య దూరం రెండు, ఆ వ్యాపారానికి ఉన్న పేరుప్రఖ్యాతులు మూడు. ఈ మూడింటినీ నయా రాయపూర్ చిన్న వ్యాపారికి అన్వయించి చూస్తే సంగతి బోధపడుతుంది.

పొంతన మాటకొస్తే, ఆ వ్యాపారి చిరునామా ఒక చోట నయా రాయపూర్ అని, ఇంకో చోట అటల్ నగర్ అని, జీఎస్టీ పత్రంలో ఒక రకంగా, మ్యాపులో మరో రకంగా నమోదై ఉంటే, ఇవన్నీ ఒకే దుకాణానివన్న నమ్మకం యంత్రానికి సడలిపోతుంది. పర్యాయపదాలను గుర్తించే శక్తి దానికి లేకపోలేదు. పెద్ద సంస్థల విషయంలో వేల ప్రస్తావనలు ఉంటాయి కనుక పొరపాటు దానంతటదే సర్దుకుంటుంది. నాలుగు ప్రస్తావనలే ఉన్న దుకాణానికి అందులో రెండు తప్పయితే సగం ఉనికి పోయినట్టే. దూరం మాటకొస్తే, పాత రాయపూర్ రైల్వే స్టేషన్‌లో దిగి గది కోసం వెతికేవాడికి పాత నగరపు లాడ్జీలే ముందు కనిపిస్తాయి. కొత్త నగరాన్ని విశాలంగా పరచిన ప్రణాళికాకర్తలు ఈ దూరాన్ని గొప్పగా చెప్పుకున్నారు. దుకాణదారుకు అదే శాపం. ఇక పేరుప్రఖ్యాతులంటే ఇతర వెబ్‌సైట్ల నుంచి వచ్చే లింకులు, వార్తల్లో ప్రస్తావనలు, కొనుగోలుదారుల సమీక్షలు. జనమే ఇంకా పూర్తిగా రాని నగరంలో సమీక్షలు రాసేదెవరు?

అంటే మూడింటిలో రెండున్నర పాళ్లు వ్యాపారి చేతిలో లేవు. ఆ రెండున్నర పాళ్లను నిర్ణయించింది ప్రభుత్వమే. పేరు మార్చింది, దూరం పెట్టింది, జనాన్ని తేలేకపోయింది. మిగిలిన అర పాలు కోసం వ్యాపారిని రోజూ పరీక్ష హాలులో కూర్చోబెడుతున్నారు.

ఆ అర పాలు కూడా వదులుకోవలసినది కాదు. చేయవలసిన పని ఏమంత గూఢవిద్య కూడా కాదు. వ్యాపారం పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నిచోట్లా ఒకే రీతిలో ఉంచాలి. చిరునామాలో అధికారిక నామంతోపాటు జనం వాడే పాత పేరును కూడా సైటులోని వాక్యాల్లో సహజంగా చెప్పాలి. గూగుల్ వ్యాపార ప్రొఫైలును ధ్రువీకరించుకుని, పనివేళలు, సెలవు దినాలు, నిజమైన ఫొటోలు పెట్టాలి. ఒక్కో సేవకు ఒక్కో పేజీ, ఆ పేజీకి తగిన శీర్షిక ఉండాలి. పేజీ ఫోనులో వేగంగా తెరుచుకోవాలి. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే మంచి సైటు అన్నది గూగుల్ పెట్టిన కొలత. ధరలు, దారి, బస్సు దిగే చోటు వంటి అసలైన ప్రశ్నలకు అసలైన జవాబులు రాయాలి. వచ్చిన సమీక్షకు, అది తిట్టైనా సరే, మర్యాదగా బదులివ్వాలి. విశాఖపట్నం నుంచి, విజయనగరం నుంచి వచ్చే అతిథులున్న లాడ్జీ అయితే హిందీ, ఇంగ్లీషులతోపాటు తెలుగులోనూ ఒక పేజీ పెట్టుకోవాలి. 2024 సెప్టెంబరులో దుర్గ్ – విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. రాయపూర్ నుంచి విశాఖకు ఆరు వరుసల రహదారి నిర్మాణం సాగుతోంది. ఆ దారిన వచ్చే తెలుగువాడు తన భాషలో వెతికితే దొరికే దుకాణాలు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు. పోటీ తక్కువున్న చోట చిన్నవాడికి సందు దొరుకుతుంది.

ఇంతవరకూ ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ. ఇక్కడే అబద్ధాల అంగడి తెరుచుకుంటుంది. ముప్పై రోజుల్లో మొదటి పేజీ, మొదటి స్థానానికి పూచీ అంటూ ఫోన్లు చేసే దళారుల సంత ఇది. మొదటి స్థానానికి ఎవరూ పూచీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. స్థానిక ఫలితాల్లో మెరుగైన ర్యాంకును డబ్బిచ్చి కొనుక్కునే వీలు లేదని కూడా రాసింది. అయినా దళారి అమ్ముతూనే ఉంటాడు. అతడు చేసేదేమిటి? కొన్న లింకులు, కిరాయి సమీక్షలు, దుకాణం పేరులోనే పది మాటలు కుక్కడం, ఒకే వ్యాసాన్ని ఊరి పేరు మార్చి వంద పేజీలుగా అచ్చొత్తడం. ఇవన్నీ గూగుల్ నిషేధించిన పనులు. పట్టుబడితే ప్రొఫైలు ఆగిపోయేది వ్యాపారిది. దళారి ఇంకో ఊరికి ఫోను చేసుకుంటాడు. కిరాయి సమీక్షల మీద భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. అయితే అది స్వచ్ఛందం. పాటించనివాడికి పోయేదేమీ లేదు. తూకం రాళ్లను తనిఖీ చేసేందుకు ప్రతి జిల్లాలో అధికారి ఉన్న దేశంలో, కోట్ల మంది వ్యాపారుల ఉనికిని తూచే తక్కెడ దగ్గర స్వచ్ఛంద ప్రమాణం ఒక్కటే కాపలా కాస్తోంది.

ఆ తక్కెడ ఎవరిదో కూడా చూడాలి. 2017 జనవరిలో గూగుల్ అధినేత సుందర్ పిచాయ్ ఢిల్లీకి వచ్చి చిన్న వ్యాపారుల కోసం డిజిటల్ అన్‌లాక్డ్ అనే శిక్షణ కార్యక్రమాన్ని ప్రకటించారు. వ్యాపారులు ఫోనులోనే ఉచితంగా, తమ భాషలోనే వెబ్‌సైట్ కట్టుకోవచ్చని కూడా ఆ సందర్భంగానే సంస్థ చాటింది. ప్రభుత్వ పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆ మాట నమ్మి సైట్లు కట్టుకున్నవారికి ఏమైంది? 2024 మార్చిలో గూగుల్ ఆ ఉచిత సైట్లను ఒక్కసారిగా మూసివేసింది. ఆ చిరునామాకు వచ్చినవారిని కొద్ది నెలలపాటు, అంటే 2024 జూన్ వరకు, వ్యాపార ప్రొఫైలుకు మళ్లించి, ఆ తర్వాత ఆ దారి కూడా మూసింది. విజిటింగ్ కార్డుల మీద, ఆటో వెనుక, గోడల మీద రాయించుకున్న చిరునామాలు చెల్లని కాగితాలయ్యాయి. ఏ పార్లమెంటు సభ్యుడైనా దీనిపై ఒక్క ప్రశ్న లేవనెత్తి దేశాన్ని కదిలించిన దాఖలా లేదు. సర్కారు భూమిలో వేసుకున్న గుడిసెను కూల్చితే కనీసం నోటీసైనా చర్చకు వస్తుంది. సంస్థ భూమిలో వేసుకున్న దుకాణం కూలితే దానిని ఉత్పత్తి నవీకరణ అంటారు.

సొంత డొమైను, సొంత సైటు ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం అక్కరలేదు. ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఖర్చయ్యే డొమైను పేరు వ్యాపారికి మిగిలే ఒకే ఒక్క స్థిరాస్తి. మిగిలినవన్నీ అద్దె ఇళ్లే.

గూగుల్ శోధన ఉచితం, ఎవరినీ బలవంతపెట్టదు, నాణ్యతనే వరుసలో పెడుతుంది, పైకి రాలేనివాడు ఏడవడం ఎందుకు అన్నది మార్కెట్ భక్తుల వాదం. ఈ వాదాన్ని కొట్టిపారేయనవసరం లేదు. తీర్పులతో సరిచూస్తే చాలు. 2018 ఫిబ్రవరిలో భారత పోటీ సంఘం శోధన ఫలితాల్లో పక్షపాతం చూపినందుకు గూగుల్‌పై 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఫిర్యాదు చేసినవారిలో పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు నడిపే భారతీయ సంస్థ ఒకటుంది. దానిపై గూగుల్ అప్పీలుకు వెళ్లింది. ఐరోపా కమిషన్ 2017 జూన్‌లో 242 కోట్ల యూరోల జరిమానా వేసింది, తన సొంత షాపింగ్ సేవను ఫలితాల్లో పైకెత్తి ఇతరులను కిందికి తోసిందన్న నేరానికి. 2024 సెప్టెంబరులో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం దానిని ఖాయం చేసింది. అమెరికాలో న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న గూగుల్‌ను గుత్తాధిపత్య సంస్థగా తేల్చారు. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగానే తానుండేందుకు ఆ సంస్థ 2021 ఒక్క సంవత్సరంలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్టు ఆ విచారణలో బయటపడింది. తన సరుకు నాణ్యత మీద అంత నమ్మకమున్న వర్తకుడు ద్వారం దగ్గర నిలబడేందుకు అంత సొమ్ము ఎందుకు పోస్తాడు? మొదటి స్థానం విలువ ఎంతో గూగుల్‌కు తెలిసినంతగా నయా రాయపూర్ లాడ్జీ యజమానికి కూడా తెలియదు.

ఇక ప్రకటనల సంగతి. సహజ ఫలితాలకు పైన, ప్రాయోజిత అన్న చిన్న అక్షరాల కింద, డబ్బిచ్చినవాడు కూర్చుంటాడు. ఒకరి పేరును ఇంకొకరు కీవర్డుగా కొనుక్కోవచ్చు. అగర్వాల్ ప్యాకర్స్ పేరు మీద నడిచిన వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023 ఆగస్టులో చెప్పిన మాట ముఖ్యమైనది: ప్రకటనల కార్యక్రమంలో గూగుల్ ఊరికే చూస్తూ కూర్చున్న మధ్యవర్తి కాదు, చురుకైన భాగస్వామి. పేరున్న సంస్థ కనుక కోర్టుకు వెళ్లగలిగింది. ఇరవై గదుల లాడ్జీ వెళ్లగలదా? దాని ముందున్న దారి ఒక్కటే, తన పేరును తానే వేలంలో పాడుకోవడం. దీనికితోడు 2024 ఆగస్టు నుంచి భారతదేశంలో కృత్రిమ మేధ రాసిన సారాంశాలు ఫలితాలకు పైన వచ్చి కూర్చున్నాయి. జవాబు అక్కడే దొరికితే కిందనున్న సైటును నొక్కేదెవరు? ఎన్నాళ్లో కష్టపడి ఎక్కిన మెట్టు ఒక్క రాత్రిలో మరో నాలుగు మెట్లు కిందికి దిగిపోయింది.

ఇంత జరుగుతుంటే నయా రాయపూర్‌లో ప్రభుత్వం చేస్తున్నదేమిటి? 2025 మే నెలలో ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ అక్కడ కృత్రిమ మేధ డేటా సెంటర్ పార్కుకు శంకుస్థాపన చేశారు. దేశంలోనే మొదటిదని ప్రకటించుకున్నారు. 2025 నవంబరు 1న ప్రధాని నరేంద్ర మోదీ కొత్త శాసనసభ భవనాన్ని ప్రారంభించారు. డేటా సెంటర్ వద్దనేవారు లేరు. యంత్రాలకు చల్లదనం, కరెంటు, స్థలం, రాయితీ సమకూర్చగలిగిన ప్రభుత్వం, ఆ యంత్రాల గోడ పక్కనే టీ కొట్టు పెట్టుకున్నవాడికి సరైన చిరునామా ఎందుకు ఇవ్వలేకపోతోందన్నదే ప్రశ్న. ఈ నగరం కోసం భూములిచ్చిన రైతులు 2022 జనవరిలో ధర్నాకు కూర్చున్నప్పుడు వారి డిమాండ్లలో దుకాణాల కేటాయింపు కూడా ఉంది. పొలం పోయినవాడికి దుకాణం దక్కాలి. దక్కిన దుకాణం కనిపించాలి. రెండోది జరగకపోతే మొదటిది కాగితం మీది పునరావాసమే.

చేయవలసినవి పెద్ద ఖర్చులేని పనులు. మొదటిది, నగరానికి ఒక అధికారిక నామం, దాని ఇంగ్లీషు స్పెల్లింగు, దానికి చెల్లుబాటయ్యే పాత పేర్ల జాబితా ప్రకటించి, ప్రభుత్వ పోర్టళ్లన్నిటిలో, తపాలా, జీఎస్టీ, ఉద్యమ్ నమోదులలో ఒకే రీతిగా అమలు చేయాలి. రెండోది, తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్‌ను ప్రతి దుకాణానికి ముద్రించి ఇవ్వాలి. సుమారు నాలుగు మీటర్ల గడులుగా దేశాన్ని విభజించి ఒక్కో గడికి పది అక్షరాల సంకేతం ఇచ్చే ఈ ఏర్పాటులో ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రం పాలుపంచుకున్నాయి. పేరు మారినా గడి మారదు. మూడోది, నగరంలోని నమోదిత వ్యాపారాలన్నిటితో ఒక బహిరంగ సూచీని, వారి అంగీకారంతో, ప్రాధికార సంస్థ సైటులోనే నడపాలి. ప్రభుత్వ సైటు నుంచి వచ్చే ఒక్క నిజమైన లింకు దళారి అమ్మే వెయ్యి దొంగ లింకుల కంటే మేలు. నాలుగోది, పేరు మార్చే ప్రతి ఉత్తర్వుకూ ఖర్చు అంచనా జతచేయాలి. ప్రభుత్వ బోర్డుల ఖర్చు ఒక్కటే కాదు, ప్రజల బోర్డుల ఖర్చు కూడా.

కేంద్రం చేయవలసింది ఇంకా పెద్దది. పెద్ద వేదికలు తమ సేవలకే పెద్దపీట వేసుకోకుండా ముందుగానే కట్టడి చేసే డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటికి వచ్చింది. చట్టం మాత్రం కాలేదు. అదే కేంద్రం, ఆన్‌లైన్ ప్రకటనలపై 2016లో పెట్టిన ఆరు శాతం సమానీకరణ సుంకాన్ని 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తివేసింది. ఆ సుంకం భారం చివరికి ప్రకటనకర్తల మీదే పడుతోందన్న వాదన ఉంది. ఎత్తివేతకు కారణాలూ ఉండవచ్చు. అయితే సుంకం పోయినంత వేగంగా చట్టం ఎందుకు రాలేదన్నదానికి సమాధానం చెప్పవలసింది ప్రభుత్వమే. వాషింగ్టన్‌తో వాణిజ్య చర్చల బల్ల మీద చిన్న వ్యాపారికి కుర్చీ లేదు.

ఇదంతా ఎక్కడో ఛత్తీస్‌గఢ్ ముచ్చట అని తెలుగువారు పక్కన పెట్టలేరు. అమరావతి అని వెతికితే మహారాష్ట్రలోని అమరావతి ఎదురొచ్చిన అనుభవం ఎందరికో ఉంది. 2015 అక్టోబరులో శంకుస్థాపన, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన, 2025 మేలో మళ్లీ పనుల ప్రారంభం. ఈ మధ్యలో ఆ పేరు నమ్మి బోర్డు కట్టుకున్నవాడి వ్యాపారం ఎన్నిసార్లు చచ్చి బతికిందో లెక్కించినవారు లేరు. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. వైఎస్సార్ జిల్లా 2025లో మళ్లీ వైఎస్సార్ కడప అయింది. ఈ మార్పుల్లో కొన్ని ప్రజలు కోరుకున్నవే, కొన్ని న్యాయమైనవే. న్యాయమైన మార్పుకూ బిల్లు ఉంటుంది. దానిని ప్రతిసారీ ఒకరే కడుతున్నారు.

రాజకీయులు పేరును జ్ఞాపకచిహ్నంగా చూస్తారు. వ్యాపారికి పేరు దారి. విగ్రహాన్ని జరిపినంత తేలికగా దారిని జరిపి, ఆ తర్వాత బాటసారిదే తప్పనడం పాలన అనిపించుకోదు. ర్యాంకు పెంచుకోమని చిన్న వ్యాపారికి బోధించే హక్కు ఉండాలంటే, ముందు ఆ వ్యాపారి ఏ ఊళ్లో ఉన్నాడో ప్రభుత్వం ఒక్క మాటగా చెప్పాలి. తక్కెడ పట్టినవాడి చేతిని చట్టం పట్టుకోవాలి. ఈ రెండూ చేయకుండా చేసే డిజిటల్ ఉపన్యాసాలు, చీకట్లో దుకాణం తెరిపించి కొనుగోలుదారులు రాలేదని యజమానినే నిందించడంతో సమానం.